ఆపద రాకముందే కట్టుకొనవలసిన సంచి

ఉర్దూ చదువువారికిని తెలుగు చదువువారికిని ఉమ్మడిగా తెలిసిన మాటలలో ‘తుఫాను’ ఒకటి. అరబీ, ఫారసీ భాషల నుండి వచ్చిన ఆ మాట తెలుగువారి నోట సొంత మాటగనే స్థిరపడినది. నూహ్ ప్రవక్త కాలపు జలప్రళయమునకు ఖురానులో కనిపించు మాటయు అదియే. ఆ వృత్తాంతములో గమనింపదగిన విషయ మొకటి కలదు. ఓడను వాన మొదలైన తరువాత కట్టలేదు. నేల పొడిగా ఉన్న దినములలో, చూచువారు నవ్వుచుండగా కట్టినారు. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వబోవరాదని మన తెలుగు పెద్దలు హెచ్చరించినదియు ఈ సంగతినే.

ఈ వ్యాసమున మేము చెప్పబోవునది ఓడను గూర్చి కాదు. వరద, తుఫాను వంటి ప్రకృతి వైపరీత్యములు సంభవించినప్పుడు అక్కరకు వచ్చుటకై ప్రతి యింట సిద్ధముగా ఉండవలసిన ఒక సంచిని, ఒక పెట్టెను గూర్చి మాత్రమే. విషయము చిన్నది. కాని అది లేనందువలన కలుగు నష్టము చిన్నది కాదు.

గతము నేర్పిన పాఠములు

1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదు నగరముపై విరుచుకొని పడి వేలాది ప్రాణములను బలిగొన్నది. ప్రసిద్ధ ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ ఆ ఒక్క వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొని తాను మాత్రము మిగిలినారు. అఫ్జల్‌గంజ్ వైపున ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొన్నారు. ఆ చెట్టును నగరవాసులు నేటికిని గౌరవముతో చూపుదురు. ఆ విపత్తు తరువాతనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు వెలసినవి.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించినారు. తుఫానులో గాలి కంటె నీరే ఎక్కువ మందిని చంపునని ఆ రాత్రి నిరూపించినది. 1990 మే నెలలో ఇంచుమించు అంతే బలము గల తుఫాను అదే తీరమును తాకినది. అప్పుడు మృతుల సంఖ్య సుమారు వేయికి పరిమితమైనది. ఈ భేదమునకు ముఖ్యకారణము, ముందుగా హెచ్చరిక అందుట, లక్షలాది ప్రజలను ఎత్తైన చోట్లకు తరలించుట.

ప్రాణములు దక్కుటకు మొదటి సాధనము కదలికయే అని దీనివలన తెలియుచున్నది. హెచ్చరించుట, ఆశ్రయము చూపుట ప్రభుత్వము చేయవలసిన పనులు. పిలుపు విన్న వెంటనే లేచి నడచుట మన పని. ఆ నడకను ఆలస్యము చేయునది భయము కన్న వెదకులాట. బీరువా తాళము ఎక్కడ? మందుల చీటీ ఎక్కడ? దస్తావేజు ఎవరి పెట్టెలో ఉన్నది? ఈ ప్రశ్నలకు జవాబు ముందే సిద్ధము చేసి ఉంచుటయే ఆపద సంచి యొక్క ప్రయోజనము. వెదకుటకు పోవలసిన సమయమును అది మనకు మిగుల్చును.

మా యింటి అనుభవము

2009 అక్టోబరు 2వ తేదీని కర్నూలు వాసులు మరువలేరు. తుంగభద్ర, హంద్రీ నదులు ఏకమై పట్టణములో ప్రవేశించినవి. శ్రీశైలము జలాశయములోనికి 25 లక్షల క్యూసెక్కులకు మించి నీరు వచ్చిన వరద అది. ఆ ఆనకట్ట కట్టినది 19 లక్షల క్యూసెక్కుల లెక్కతో. పాతబస్తీలోని మా వీధిలో మొదట మడమల లోతున కనిపించిన నీరు చూచుచుండగనే నడుము దాటినది. మేము ఇరుగువారి మేడ యెక్కినాము. క్రింద నిలువెత్తు నీరు. పైన అందరికిని కలిసి ఒక చిన్న బిందెడు త్రాగునీరు. అబ్బా రక్తపుపోటు మాత్రలు క్రింది గోడగూటిలోనే ఉండిపోయినవి. నీరు తీసిన తరువాత బురదలో నుండి పెట్టె తీసి తెరువగా, ఆపా పదవ తరగతి ధ్రువపత్రముపై అక్షరములు మిగుల లేదు. దాని నకలు పొందుటకు నెలల తరబడి తిరిగినాము.

ఇంత అనుభవించిన తరువాతనైన మాకు బుద్ధి వచ్చినదా? ఈ వ్యాసమునకు పూనుకొన్న దినమున ఒక పరీక్ష చేసినాము. ఇంటిని విడిచి పోవలసినదిగా ఇప్పుడే కబురు వచ్చినదని భావించుకొని, గడియారము చూచి, కావలసిన వస్తువులను కూర్చుటకు ఆరంభించినాము. దస్తావేజులున్న పెట్టె తాళపుచెవి దొరకుటకు పది నిమిషములు పట్టినది. టార్చిలైటులో సెల్సు కారి చిలుము పట్టినవి. అమ్మీ చక్కెరవ్యాధి మాత్రలు రెండే మిగిలినవి. అన్నియు ఒకచోట చేరుసరికి 41 నిమిషములు గడచినవి. అంతసేపును అమ్మీ మంచముపైననే కూర్చుండి ఉన్నది. మోకాళ్ల నొప్పితో లేవలేని ఆమెకు చేయూత ఇవ్వవలెనని మాలో ఎవరికిని తోచలేదు. చివరకు ఆమెయే నవ్వి, “కాగదాఁ మిల్ గయే, అబ్ మేరెకు భీ ఢూండ్తే క్యా?” అన్నది. కాగితములు దొరికినవి, ఇక నన్ను కూడ వెదకుదురా అని ఆమె అడిగినది. మేము నవ్వలేకపోయినాము. 2009లో నడుము లోతు నీరు రావలెనన్న అంత సమయము కూడ పట్టలేదు.

సంచి వేరు, పెట్టె వేరు

ఆపద రెండు విధములుగా వచ్చును. తుఫాను కొన్ని దినముల ముందే కబురు పంపును. అప్పుడు ఇల్లు విడిచి ఆశ్రయ కేంద్రమునకు పోవలెను. నదీ వరద లేదా చెరువు గండి కొన్ని గంటలలో వచ్చి, మనలను పై అంతస్తున బంధించును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతమున వేలాది కుటుంబములు ఇట్లే చిక్కుకొని, పడవల కొరకు, పైనుండి డ్రోన్లు దించు ఆహారపు పొట్లముల కొరకు ఎదురుచూచినవి.

ఈ రెంటికి ఒకే మూట ఎందుకు చాలదో చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. మనిషికి దినమునకు త్రాగుటకును అత్యవసరములకును కనీసము 3 లీటర్ల నీరు వలెను. ఐదుగురు గల ఇంటికి మూడు దినములకు 45 లీటర్లు. లీటరు నీరు కిలో బరువు గనుక అది 45 కిలోలు. ఇంత బరువు మోయుచు వృద్ధులను, పిల్లలను నడిపించుట ఎవరి తరమును కాదు. కావున మోయదగినవి ఒక సంచిలోను, మోయరానివి మేడపైన ఒక పెట్టెలోను ఉండవలెను. ఇల్లు విడుచునప్పుడు సంచి, ఇంట చిక్కుకొన్నప్పుడు సంచియు పెట్టెయు ఉపయోగించును.

సంచిలో ఉండవలసినవి

సంచి వీపున తగిలించుకొనునదై ఉండవలెను. పిల్లలు వాడి విడిచిన బడిసంచి చక్కగా సరిపోవును. బరువు 6 లేక 7 కిలోలకు మించరాదు. రెండు చేతులును ఖాళీగా ఉండవలెను. ఒక చేతిలో కర్ర, ఇంకొక చేతిలో మన అమ్మ చేయి.

మొదటిది కాగితములు. ఆధార్, రేషన్ కార్డులు, బ్యాంకు పుస్తకము, ఇంటి దస్తావేజు, పట్టాదారు పాసు పుస్తకము, పింఛను కాగితములు, నిఖానామా లేక వివాహ ధ్రువపత్రము, విద్యార్థుల మార్కుల పత్రములు. వీని నకళ్లను మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి తీసి, మూతి మడచి, దానిని మరియొక సంచిలో ఉంచవలెను. అసలు పత్రములను కూడ ఇట్లే కట్టి, ఇంటిలో అన్నిటికంటె ఎత్తైన చోట, అందరికిని తెలిసిన ఒకే స్థలమున ఉంచినచో, కదలునప్పుడు సంచిలో వేసికొనుట క్షణములో పని. సర్కారు వారి డిజిలాకరులో భద్రపరచిన పత్రములు నీటికి తడియవు గనుక విద్యార్థులు ఇంటివారందరి పక్షమున ఆ పని పూర్తిచేయవలెను. పరిహారము పొందుటకైనను, పరీక్షకు పోవుటకైనను, ఉద్యోగములో చేరుటకైనను కాగితమే సాక్ష్యము.

రెండవది మందులు. రక్తపుపోటు, చక్కెరవ్యాధి, ఉబ్బసము, మూర్ఛ, గుండెజబ్బు వంటివానికి నిత్యము వాడు మందులు కనీసము ఒక వారమునకు సరిపడునన్ని, డాక్టరు చీటీ నకలుతో సహా ఉండవలెను. వీనితోపాటు జ్వరపు మాత్రలు, గాయములకు మందు, దూది, గుడ్డపట్టీలు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు వలెను. పొట్లము లేనిచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలగొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి విరేచనములైన వారికి కొద్దికొద్దిగా త్రాగింపవచ్చును. ఉప్పు ఈ కొలతను మించరాదు. ఇన్సులిను వాడువారు కరెంటు లేనప్పుడు దానిని ఎట్లు కాపాడుకొనవలెనో తమ డాక్టరును ముందే అడిగి తెలిసికొనవలెను.

మూడవది వెలుగు, వార్త. టార్చిలైటు, దానికి వేరుగా చుట్టి పెట్టిన సెల్సు. సెల్సును లోపలనే విడిచినచో మా టార్చికి పట్టిన గతియే పట్టును. సెల్సుతో నడచు చిన్న రేడియో కొందరికి నేడు వింతగా తోచవచ్చును. కాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినప్పుడు కరెంటు పోయి, సెల్‌ఫోన్లు మూగవోయినవి. అట్టి వేళ రేడియో ఒక్కటే వార్త చెప్పగలదు. ఫోనుకు పవర్ బ్యాంకు ఉండవలెను. బంధువుల నంబర్లు ఒక కాగితముపై వ్రాసి ఉండవలెను. ఫోను చచ్చినచో మనలో ఎందరికి సొంత తమ్ముని నంబరు నోటికి వచ్చును? ఆ కాగితముపైననే 112, వైద్య వాహనమునకు 108, జిల్లా విపత్తు కేంద్రమునకు 1077, రాష్ట్ర కేంద్రమునకు 1070 అని కూడ వ్రాసికొనవలెను. ఒక ఈల కూడ ఉండవలెను. అరచి అరచి గొంతు పోయిన తరువాతను ఈల మ్రోగును.

నాల్గవది డబ్బు. కరెంటు లేనిచోట ఏ.టి.ఎం. పనిచేయదు, ఫోను ద్వారా చెల్లింపు సాగదు. పది, ఇరువది, ఏబది, నూరు రూపాయల నోట్లు కొన్ని ఉంచవలెను. పాలపొట్లము కొరకు ఐదువందల నోటు చూపినచో చిల్లర ఇచ్చువాడు ఆ వేళ దొరకడు.

ఐదవది వ్యక్తిగత అవసరములు. ఒక జత బట్టలు, తువ్వాలు, దుప్పటి, సబ్బు, మనిషికి ఒక లీటరు నీటి సీసా, ఒక దినమునకు సరిపడు పొడి ఆహారము. స్త్రీలకు నెలసరి అవసరములు, మరుగునకు ఒక పెద్ద చాదరు. ఆశ్రయ కేంద్రములలో ఎక్కువగా ఇబ్బంది పడునది స్త్రీలే. అడుగుటకు సిగ్గుపడుదురు గనుక ముందే సర్దిపెట్టవలెను.

మేడపై పెట్టెలో ఉండవలసినవి

గట్టి మూత గల ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టెగా పనికివచ్చును. నీరు ఎంత ఎత్తునకు రాగలదో ఊహించి, అంతకు పైన అంతస్తున గాని అటకపై గాని ఉంచవలెను. ఒకే అంతస్తు గల వారు మేడయున్న ఇరుగువారితో ముందే మాట్లాడుకొనుట మంచిది.

త్రాగునీరు మూత గల క్యానులలో, పైన చెప్పిన లెక్క ప్రకారము మూడు దినములకు నింపి ఉంచవలెను. ఇది కాక క్లోరిన్ మాత్రలు వలెను. పొట్లముపై వ్రాసిన కొలత ప్రకారము నీటిలో వేసి, అరగంట ఆగి త్రాగవలెను. మురికి నీటిని ముందు గుడ్డతో వడగట్టనిదే మాత్ర సరిగా పనిచేయదు.

ఆహారము వండనవసరము లేనిదై ఉండవలెను. అటుకులు, బొరుగులు, పుట్నాలపప్పు, బెల్లము, ఖర్జూరములు, వేరుసెనగలు, బిస్కట్లు మన ఇండ్లలో ఎల్లప్పుడును ఉండునవే. పసిబిడ్డలున్నచోట పాలపొడి వలెను. అగ్గిపెట్టె, కొవ్వొత్తులు తడియకుండ డబ్బాలో పెట్టవలెను. గట్టి నూలు తాడు ఒకటి, చిన్న కత్తి ఒకటి, మూత గల బకెట్టు ఒకటి వలెను. మరుగుదొడ్డి మునిగిన ఇంటిలో ఆ బకెట్టు, కొద్ది సున్నము లేక బ్లీచింగు పొడి ఎంత మేలు చేయునో అనుభవించిన వారికే తెలియును.

మనుషుల పట్టిక

సంచిని వస్తువుల పట్టిక చూచి సర్దరాదు. మనుషుల పట్టిక చూచి సర్దవలెను. ఇంటిలోని వారి పేర్లు వరుసగా వ్రాసి, అందరికంటె బలహీనుల పేరు మొదట పెట్టవలెను. ఆ పేరు ఎదుట రెండు ప్రశ్నలకు జవాబులు వ్రాయవలెను. ఈ మనిషి ఏ వస్తువు లేక ఒక దినము కూడ గడపలేడు? ఈ మనిషి చేయి పట్టుకొను బాధ్యత ఎవరిది?

మా పట్టికలో మొదటి పేరు అమ్మీది. ఆమెకు మాత్రలు, చేతికర్ర, రెండవ కళ్లజోడు, మెత్తని చెప్పులు వలెను. చేయి పట్టుకొనువాడు తమ్ముడు. అతడు మరే వస్తువును ముట్టరాదు. సంచి వేరొకరు మోయుదురు. మెయిన్ స్విచ్ ఆపి, గ్యాస్ సిలిండరు రెగ్యులేటరు కట్టి, తలుపు మూయు పని ఇంకొకరిది. ఇట్లు పనులు పంచుకొన్న పిదప మరల గడియారము చూచి పరీక్షించినాము. వీధిలోనికి వచ్చుసరికి 6 నిమిషములు. ఈసారి అందరికంటె ముందు గడప దాటినది అమ్మీయే.

ఎప్పుడు సరిచూచుకొనవలెను

ఒకసారి కట్టి మరచిన సంచి కట్టని సంచితో సమానము. మాత్రలకు గడువు తీరును, బిస్కట్లు మెత్తబడును, పిల్లల బట్టలు పొట్టియగును. సంవత్సరమునకు రెండు మారులు విప్పి చూడవలెను. రంజాను మాసమును గుర్తుగా పెట్టుకొందమన్నచో అది ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరుగుచు అన్ని ఋతువులను చుట్టివచ్చును. మన ఆపదలు ఋతువులను అనుసరించునవి. మే నెలలో ఒక తుఫాను కాలము, అక్టోబరు నుండి డిసెంబరు వరకు మరియొకటి. నదీ వరదలు వానకాలమున వచ్చును. కావున ఉగాది వెళ్లిన ఆదివారము ఒకసారి, ఆగస్టు 15న పతాకవందనము చేసి ఇంటికి వచ్చిన తరువాత ఒకసారి సంచిని విప్పుట అనుకూలము. నీటి క్యానులను మాత్రము కడిగి తరచు మార్చుచుండవలెను.

ఇంటికి తిరిగివచ్చినప్పుడును తొందర పనికిరాదు. గ్యాసు వాసన ఉన్నదేమో చూడక అగ్గిపుల్ల గీయరాదు. తడిసిన గోడలున్నచోట కరెంటు వేయరాదు. వరద నీటితో పాములు ఇండ్లలోనికి చేరును గనుక కర్రతో తట్టి, టార్చి వేసి చూచి అడుగు పెట్టవలెను. బావినీరు, బోరునీరు శుద్ధి చేయక త్రాగరాదు.

ముగింపు

ఆపదకు ముందే ఏర్పాట్లు చేసికొనుట దైవముపై నమ్మకము లేకపోవుట అని కొందరు పెద్దలు శంకింతురు. ఒంటెను ముందు కట్టి, ఆ పిమ్మట దైవముపై భారము వేయవలెనను ప్రవక్త బోధ మన ఇండ్లలో అందరును ఎరిగినదే. కట్టుట మన వంతు. సంచి కట్టుటయు అట్టిదే.

దీనికి పెద్ద వ్యయము లేదు. పాత బడిసంచి, ఇంటిలోని పుట్నాలు, బెల్లము, కొన్ని మాత్రలు, కొన్ని నకళ్లు. వ్యయమగునది ఒక సాయంకాలము మాత్రమే. ఈ సంచిక చేతికందిన దినముననే మన విద్యార్థినీ విద్యార్థులు తమ తమ ఇండ్ల పెద్దలను కూర్చుండబెట్టి, గడియారము ముందు పెట్టుకొని, మేము చేసిన పరీక్షను తామును చేసి చూడవలెనని కోరుచున్నాము. ఇరుగున ఒంటరిగా నున్న వృద్ధులెవరైనను ఉన్నచో వారి పేరు కూడ మన పట్టికలో చేర్చుకొందము. నీరు వీధిలోనికి వచ్చిననాడు ఏ తల్లియు మంచముపై కూర్చుండి, నన్ను కూడ వెదకుదురా అని అడుగవలసిన అవసరము రాకూడదు.